సరస్వతీ గోరా గారి జీవితాన్ని హైస్కూలు పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న — విజయనగరం పఠన బృందం సభ్యురాలు

అందరికీ నమస్కారం.

విజయనగరంలో కొందరు స్త్రీలం కలిసి ఒక పఠన బృందం నడుపుతున్నాము. మా ప్రాంతంలో పుట్టి సమాజానికి పనికివచ్చిన వారి జీవితాలను హైస్కూలు పిల్లలు చదువుకునేలా చిన్న పుస్తకాలుగా రాసి, ఊళ్లోని పాఠశాలల్లో పంచుతూ ఉంటాము. ఈసారి సరస్వతీ గోరా గారిని ఎంచుకున్నాము. ఆమె 1912 సెప్టెంబరు 28న విజయనగరంలోనే జన్మించారని, 2006 ఆగస్టు 19న విజయవాడలో కన్నుమూశారని, దాదాపు 94 ఏళ్ల ఆ జీవితంలో అధిక భాగాన్ని అస్పృశ్యత, కులభేదం, మూఢనమ్మకాల నిర్మూలనకే వెచ్చించారని మా ఊళ్లో చాలా మందికి తెలియదు. పుట్టిన ఊరైనా ఆమెను సరిగ్గా తలుచుకోవాలన్నది మా కోరిక.

తీరా రాయడానికి కూర్చున్న తరువాత మూడు చోట్ల ఆగిపోయాము.

మాకు దొరికిన వ్యాసాలన్నీ ఒకే వరుసలో నడుస్తున్నాయి. పదో ఏట గోపరాజు రామచంద్రరావు గారితో, అంటే గోరా గారితో వివాహం, తొమ్మిది మంది సంతానం, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలు, ఆ దంపతులు స్థాపించిన నాస్తిక కేంద్రం, పురస్కారాల పట్టిక, మరణం. ఇవి చదివిన పిల్లలకు ఒక ప్రముఖుని భార్య గురించి చదివామన్న భావన మిగులుతుందే తప్ప, ఆమె స్వయంగా ఏమి నిశ్చయించుకున్నారో, అందుకోసం ఏమేమి వదులుకున్నారో తెలియదు. ఆమె రాసుకున్న ఆత్మకథ శీర్షికలో కూడా భర్త పేరే ముందు నిలిచింది కనుక, ఇద్దరినీ విడదీసి చెప్పడం సబబేనా అన్న సందేహం కూడా ఉంది.

రెండవ చిక్కు నాస్తికత్వం. మా పుస్తకాలు చదివే పిల్లల ఇళ్లలో చాలా వరకు పూజలు, వ్రతాలు ఉంటాయి. తల్లిదండ్రులు నొచ్చుకుంటారేమోనన్న భయంతో మాలో ఒకరు ఆ మాట లేకుండా "సంఘ సంస్కర్త" అని మాత్రం రాద్దామంటున్నారు. అలా చేస్తే ఆమెకు అన్యాయం చేసినట్లవుతుందని నాకు అనిపిస్తోంది.

మూడవది పుస్తక నిర్మాణానికి సంబంధించినది. కుటుంబం, స్నేహం, సేవ అని మూడు అధ్యాయాలు అనుకున్నాము. కానీ ఏ సంఘటనను తీసుకున్నా అది మూడింటిలోకీ వస్తోంది. కుమార్తె పెళ్లిని కుటుంబం కింద రాయాలా, అస్పృశ్యతా నివారణ కింద రాయాలా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఈ విషయం తెలిసిన పెద్దలు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు — కృష్ణా జిల్లా విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీరు తలపెట్టిన పని చాలా మంచిది. మీ మూడవ చిక్కు విడిపోతే మొదటి రెండూ వాటంతట అవే సడలుతాయని నా అభిప్రాయం. కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ మూడు అధ్యాయాలను వదిలివేయండి. ఆమె విషయంలో సేవ అనేది ఇల్లు దాటి వెళ్లి చేసి తిరిగి వచ్చే పని కాలేదు. ఇంట్లో ఎవరు కూర్చుని తినవచ్చు, పిల్లకు ఎవరితో పెళ్లి చేయవచ్చు, గర్భవతి ఏ వేళ గడప దాటవచ్చు అన్న ప్రశ్నలకు సంఘం ఇచ్చిన సమాధానాలను ఆమె తన ఇంటిలోనే మార్చారు. ఊళ్లో ఉపన్యాసం చెప్పి ఇంటికి వచ్చి పాత ఆచారం పాటించిన సంస్కర్తలు మన చరిత్రలో చాలా మంది ఉన్నారు. ఉపన్యాసానికీ ఇంటికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని చెరిపివేయడం ఇంటి ఇల్లాలు పూనుకోనిదే జరగదు. గోరా గారు ఎంత గొప్పవారైనా, ఆమె ఒప్పుకోకపోతే ఆయన నాస్తికత్వం వీధి అరుగు దగ్గరే ఆగిపోయేది. భర్తతో కలిపి రాస్తే ఆమె మరుగున పడతారన్న మీ భయానికి ఇందులోనే సమాధానం ఉంది. ఇద్దరినీ కలిపే రాయండి, కానీ ఇంటి వైపు నుంచి రాయండి.

మీ ఊరి పిల్లలకు ఒక మంచి ప్రారంభం చేతిలోనే ఉంది. బాల్యవివాహాలను, కన్యాశుల్కాన్ని నలుగురిలో నిలదీసిన గురజాడ అప్పారావు గారు నివసించిన ఊరు మీది. ఆయన 1915లో మరణించే నాటికి సరస్వతి గారు మూడేళ్ల పాప. ఆయన అంత చెప్పిన ఊళ్లోనే, ఆయన పోయిన ఏడేళ్లకు, 1922లో, ఆచారవంతమైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఈ పాపకు పదేళ్ల వయసులో పెళ్లి జరిగింది. వరునికి ఇరవై ఏళ్లు. ఆడపిల్లకు 14 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో గాని రాలేదు. ఒక నాటకం వచ్చినంత మాత్రాన, ఒక కవి చెప్పినంత మాత్రాన ఇళ్లలో ఆచారం మారదని, ఎవరో ఒకరు తమ ఇంట్లో మార్చి చూపించాలని పిల్లలకు అర్థమవుతుంది. ఆ చూపించిన వారిలో ఈ బాలవధువే ఒకరు కావడం మీ పుస్తకానికి బలం.

తరువాత గ్రహణం సంగతి చెప్పండి. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని ఇప్పటికీ మన ఇళ్లలో తలుపులు వేసి, కదలకుండా పడుకోబెడతారు. ఈనాటి పిల్లలు ఈ దృశ్యాన్ని తమ ఇంట్లోనో పొరుగింట్లోనో చూసే ఉంటారు. సరస్వతి గారు గర్భవతిగా ఉన్నప్పుడు బయటికి వచ్చి గ్రహణాన్ని చూశారు. ఆమె అప్పటికి ఇంకా చాలా చిన్న వయసులో ఉన్నారు. కడుపులో ఉన్న బిడ్డను పెట్టుకుని పెద్దల మాటను పరీక్షకు నిలబెట్టడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. భర్త శాస్త్రం చదువుకున్నవారు, వృక్షశాస్త్రం బోధించేవారు. ఆయనకు ఆ నమ్మకం తప్పని తెలియడం వేరు, తన శరీరంతో నిలబడి చూడటం వేరు.

ఇక ముదునూరు. గోరా గారు కాకినాడలోను, మచిలీపట్నంలోను చేసిన కళాశాల ఉద్యోగాలు ఆయన భావాల కారణంగానే నిలవలేదు. నెల జీతం పోయిన ఇంటిని నడపడం ఎవరి భుజాల మీద పడుతుందో వేరే చెప్పనవసరం లేదు. స్వాతంత్ర్య సమరయోధులు అన్నే అంజయ్య గారి ఆహ్వానంపై ఆ కుటుంబం ఉయ్యూరు దగ్గరి ముదునూరుకు చేరింది. 1940 ఆగస్టులో నాస్తిక కేంద్రం అక్కడే ఆరంభమైంది. ఆమెకు అప్పటికి 28 ఏళ్లు నిండలేదు. పసివాడు మొదలుకొని పదేళ్లు దాటిన ఆడపిల్ల వరకు ఇంటినిండా పిల్లలు. జీతం లేదు, బంధువుల ఆదరణ లేదు. అటువంటి స్థితిలో పున్నమి రాత్రుల్లో అన్ని కులాల వారు ఒకే పంక్తిలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు, వయోజనులకు చదువు చెప్పడం, దళితవాడలతో రాకపోకలు సాగాయి. మీ పుస్తకంలో నాలుగో వంతు ముదునూరుకే ఇవ్వమని నా మనవి. మిగతాదంతా అక్కడి నుంచి వచ్చిందే.

జవాబు — తెనాలి నుంచి ఒక గృహిణి

మాస్టారు చెప్పినదానికి నాది ఒక చేర్పు. మీ రెండవ చిక్కు గురించి రాస్తున్నాను. నేను దైవభక్తురాలిని. నిత్యం దీపారాధన చేయనిదే నాకు తెల్లవారదు. అయినా ఆ మాటను దాచవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

సరస్వతి గారు నాస్తికత్వాన్ని ఎక్కడా దాచుకోలేదు. తాము స్థాపించిన సంస్థకు ఆ పేరే పెట్టుకున్నారు. ఆ పేరు తీసివేసి "సంఘ సంస్కర్త" అని రాస్తే, ఆమె ఎందుకు ఆ పనులు చేశారన్న ప్రశ్నకు పిల్లల దగ్గర జవాబు ఉండదు. మానవుల మధ్య ఎక్కువ తక్కువలను దేవుడు నిర్ణయించలేదని, మనుషులే పెట్టుకున్నారు కనుక మనుషులే తీసివేయాలని ఆ దంపతులు భావించారు. నాకు వారి మొదటి భావంతో ఏకీభావం లేకపోవచ్చు. కానీ దాని నుంచి వారు చేరుకున్న పని చూసి తల వంచడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ తేడాను పిల్లలు అర్థం చేసుకోలేరని మనం ఎందుకు అనుకోవాలి? ఇంట్లో అమ్మ పూజ చేస్తుంది, బడిలో ఒక నాస్తికురాలి గురించి చదువుతాము, ఇద్దరినీ గౌరవించవచ్చు అని తెలుసుకోవడం పదమూడేళ్ల పిల్లకు మంచిదే.

ఆ తల్లిదండ్రులకు ధైర్యం కలిగించాలంటే గాంధీజీతో ఆ కుటుంబానికి ఏర్పడిన స్నేహాన్ని వివరంగా రాయండి. మీరు అనుకున్న స్నేహం అధ్యాయం మొత్తం అందులోనే ఉంది. గాంధీజీ నిండైన ఆస్తికుడు, రామనామాన్ని విడవనివాడు. నాస్తికత్వం అంటే మనిషి తనను తానే నిరాకరించుకోవడమని మొదట ఆయన అభిప్రాయం. గోరా గారు ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఏళ్లు గడిచాయి. ముదునూరులో జరుగుతున్న పని గురించి విన్న తరువాత, 1944 చివరలో గాంధీజీ ఆయనను తన ఆశ్రమమైన సేవాగ్రామ్‌కు రమ్మన్నారు. ఇద్దరూ ఒకరినొకరు మార్చుకోలేదు, కానీ మనసులు కలిశాయి.

ఆ కలయిక ఎంతవరకు వెళ్లిందో పెద్ద కుమార్తె మనోరమ గారి పెళ్లి చెబుతుంది. దళిత యువకుడైన అర్జునరావు గారితో ఆమె వివాహం జరిపించాలని తల్లిదండ్రులు నిశ్చయించినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో తన ఎదుటే జరగాలని గాంధీజీ కోరారు. పెళ్లి ప్రమాణాల్లో దేవుని పేరు ఉండే చోట సత్యం అన్న మాట పెట్టడానికి ఆయన అంగీకరించారు. జీవితమంతా దేవుని స్మరించిన ఆ వృద్ధుడు ఒక నాస్తిక కుటుంబం కోసం ఆ మాటను మార్చుకోవడానికి సిద్ధపడ్డారంటే, అంతకన్నా గొప్ప స్నేహం గురించి నేను వినలేదు. వధువుకు మరి కొంత వయసు రావాలని, వరుడు ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాలని ఆయన రెండేళ్ల గడువు పెట్టారు. గడువు పూర్తయ్యే లోపు, 1948 జనవరి 30న, ఆయన హత్యకు గురయ్యారు. అయినా 1948 మార్చి 13న ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

ఇంత చదివిన తరువాత కూడా నాస్తికత్వం అన్న మాటకు నొచ్చుకునే తల్లిదండ్రులు ఉంటే, వారికి గాంధీజీయే జవాబు చెబుతారు.

జవాబు — హైదరాబాద్, పరిశోధక విద్యార్థిని

మాస్టారి మాటలు, తెనాలి అమ్మగారి మాటలు నాకు ఎంతో నచ్చాయి. పుస్తకాన్ని ఇంటి వైపు నుంచి రాయాలన్న సూచన సరైనదని నేనూ నమ్ముతున్నాను. అయితే ఇంటి వైపు నుంచి అన్నప్పుడు ఆ ఇంట్లో తల్లిదండ్రులు ఇద్దరే లేరన్న సంగతి మరవకూడదు. ఇక్కడ నాకు కొంత విభేదం ఉంది.

మనోరమ గారి పెళ్లినే తీసుకోండి. ఎవరు చెప్పినా ఆ కథలో గాంధీజీ ఉంటారు, గోరా గారు ఉంటారు. వధూవరులు చివరి వాక్యంలో వస్తారు. సంబంధం నిశ్చయమయ్యే నాటికి ఆ అమ్మాయికి పదిహేడేళ్లు. దేశమంతా చూస్తుండగా, ఒక సిద్ధాంతానికి సాక్ష్యంగా నిలిచే పెళ్లికి ఆమె సిద్ధపడ్డారు, రెండేళ్లు ఎదురుచూశారు. అర్జునరావు గారు తన ఊరిని, తనవారిని విడిచి రెండేళ్లు సేవాగ్రామ్‌లో ఉన్నారు. ఆ పెళ్లి వల్ల బ్రాహ్మణ కుటుంబం ఏమి వదులుకుందో అందరూ రాస్తారు. దళిత యువకుడు ఎంత బరువు మోశాడో కూడా పిల్లలకు చెప్పండి. సహపంక్తి భోజనాల విషయంలోనూ అంతే. పంక్తిలోకి పిలిచినవారి ధైర్యం గొప్పదే. కానీ మర్నాడు అదే ఊళ్లో ఆసాముల పొలానికి కూలికి వెళ్లవలసినవారు వచ్చి ఆ పంక్తిలో కూర్చోవడానికి కావలసిన ధైర్యం దానికి ఏ మాత్రం తీసిపోదు. మీ పాఠశాలల్లో దళిత పిల్లలు కూడా ఉంటారు. తమవారు ఈ కథలో అన్నం తినడానికి వచ్చినవారుగా మాత్రమే కనిపిస్తే వారికి ఎలా ఉంటుందో ఆలోచించమని కోరుతున్నాను.

పిల్లల సంగతి కూడా అంతే ముఖ్యం. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టిన కొడుకుకు లవణం అని, 1939లో యుద్ధం వచ్చిన ఏడాది పుట్టిన కొడుకుకు సమరం అని, లోకమంతా నియంతల చేతిలో ఉన్న రోజుల్లో పుట్టినవాడికి నియంత అని పేర్లు పెట్టారు. దేవుళ్ల పేర్లు, కులం తెలిపే పేర్లు లేకుండా చేయడం వారి ఉద్దేశం. హైస్కూలు పిల్లలకు ఈ పేర్ల కథ ఎంతో ఆసక్తి కలిగిస్తుంది, తప్పకుండా రాయండి. అలాగే, క్విట్ ఇండియా ఉద్యమంలో సరస్వతి గారు జైలుకు వెళ్లినప్పుడు పసివాడైన నియంత గారు కూడా తల్లితో పాటు జైలులో ఉన్నారు. మిగిలిన పిల్లలు తల్లి లేకుండా బయట ఉన్నారు. ఆ ఇంటి పిల్లలు తమ బాల్యాన్ని కొంత ఉద్యమానికి ఇచ్చారన్నది నిజం. దీనిని దాటవేసి "ఆదర్శ మాతృమూర్తి" అని రాస్తే మనం తల్లికీ న్యాయం చేయము, పిల్లలకూ చేయము. సంస్మరణ సంచికల్లో అలవాటుగా వాడే మాతృమూర్తి, త్యాగశీలి, అజాతశత్రువు వంటి మాటలు మీ పుస్తకంలో ఒక్కటి కూడా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. అజాతశత్రువు అన్నది ఆమె విషయంలో అబద్ధం కూడా. అంటరానితనాన్ని అంతగా ఎదిరించిన మనిషికి శత్రువులు లేకుండా ఎలా ఉంటారు?

ఇంత చెప్పినా, నేను ఆమెను తగ్గించడానికి రాయడం లేదు. ఆ పిల్లలు పెద్దవారై తమ ఇష్టప్రకారం బతికే స్వేచ్ఛ వచ్చిన తరువాత ఎంచుకున్న దారులు చూడండి. లవణం గారు భూదాన యాత్రలో వినోబా భావే ప్రసంగాలకు అనువాదకులుగా తిరిగారు. 1960లో మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలత గారిని వివాహం చేసుకున్నారు. కుమార్తె విద్య గారు విజయవాడ నుంచి 1980లోను, 1989లోను లోక్‌సభకు ఎన్నికయ్యారు. సమరం గారు వైద్యులై, మన పత్రికల్లో ఎవరూ నోరు విప్పని ఆరోగ్య విషయాలను సూటిగా తెలుగులో వివరించారు. విజయం గారు 2020లో కన్నుమూసే వరకు నాస్తిక కేంద్రంలోనే పనిచేశారు. బలవంతాన మోసిన భారం అయితే ఇంత మంది ఇన్నేళ్లు మోయరు. ఈ రెండు వైపులనూ పిల్లల ముందు ఉంచి, "మీరైతే ఏమి చేసేవారు?" అని అడిగి వదిలివేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన — విజయనగరం పఠన బృందం సభ్యురాలు

ఇంత శ్రద్ధగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా బృందంలో ఈ జవాబులన్నీ చదువుకున్నాము. నాస్తికత్వం అన్న మాటను వద్దన్న సభ్యురాలు తెనాలి అమ్మగారు రాసినది రెండుసార్లు చదివించుకుని, సేవాగ్రామ్ పెళ్లి భాగాన్ని తానే రాస్తానన్నారు. మూడు అధ్యాయాల ఆలోచనను విరమించుకున్నాము. ముదునూరుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి విజయనగరానికి వచ్చి, మళ్లీ ముందుకు సాగాలని నిశ్చయించాము. పెళ్లి కథలో మనోరమ గారి పేరు, అర్జునరావు గారి పేరు మొదటి వాక్యంలోనే ఉంటాయి.

ఒక సందేహం మిగిలింది. గోరా గారు 1975లో మరణించారు. ఆమె ఆ తరువాత 31 ఏళ్లు జీవించారు. మాకు దొరికిన రచనల్లో ఈ కాలం మొత్తం ఒకటి రెండు పేరాల్లో, అదీ పురస్కారాల వరుసతో ముగుస్తోంది. ఒక మనిషి జీవితంలో మూడో వంతును ఇలా వదిలివేయడం బాగాలేదు. వృద్ధాప్యంలో చేసిన సేవను పిల్లలకు విసుగు కలగకుండా ఎలా చెప్పాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు — విజయవాడ పటమట నివాసి

మీ చివరి ప్రశ్న కోసమే రాస్తున్నాను. ఎందుకంటే ఆమెను మేము ఎక్కువగా చూసినది ఆ మూడు దశాబ్దాల్లోనే. 1947లో ముదునూరు నుంచి పటమటకు తరలివచ్చిన నాస్తిక కేంద్రం బెంజి సర్కిల్ దగ్గర ఇప్పటికీ ఉంది. చుట్టూ ఊరు ఎంతగా పెరిగినా ఆ ఆవరణ తన పని తాను చేసుకుంటూనే ఉంది.

గోరా గారు 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ ప్రాణాలు విడిచారు. సరస్వతి గారికి అప్పటికి 62 ఏళ్లు. ఆమె పుట్టిన కులంలో, ఆమె తరంలో, భర్త పోయిన స్త్రీకి మిగిలేది ఇంటి వెనుక గదే. ఎదురు రాకూడదు, శుభకార్యాల్లో కనిపించకూడదు. సరిగ్గా ఆ వయసులో ఆమె సంస్థ నాయకత్వాన్ని చేతిలోకి తీసుకున్నారు. నా దృష్టిలో మీ పుస్తకంలో గ్రహణం కథకు ఉన్నంత బలం దీనికీ ఉంది. పదేళ్ల బాలవధువుగా సంఘం ఏ వరుసలో నిలబెట్టిందో ఆ వరుస మొత్తాన్ని ఆమె దాటారు, చివరి మెట్టు కూడా.

ఆ తరువాత రెండేళ్లకే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలాది మంది కొట్టుకుపోయిన ఆ విపత్తులో నాస్తిక కేంద్రం వారు సహాయ పునరావాస కార్యక్రమాల్లో పాలుపంచుకున్నారు. ఆ కాలంలోనే లవణం గారు, హేమలత గారు స్టువర్టుపురంలో పనిచేశారు. ఒకప్పుడు ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతులని ముద్ర వేసి ఒకచోట స్థిరపరిచిన కుటుంబాల ఊరు అది. దొంగలన్న పేరు పుట్టుకతోనే అంటించుకున్న మనుషులను నమ్మి, వారి మధ్య కూర్చుని, వేరే బతుకు చూపించే పని చేశారు. తరువాత నిజామాబాద్ జిల్లాలో ఆడపిల్లలను దేవత పేరిట అంకితం చేసే జోగినీ ఆచారానికి బలైనవారి కోసం హేమలత గారు సంస్కార్ సంస్థ ద్వారా పనిచేశారు. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో 1988లో చట్టం వచ్చింది. విజయవాడలోనేమో, స్త్రీల కోసం 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి విద్య గారి ఆధ్వర్యంలో విస్తరించింది. వాస్తవికత, సాంఘిక దృక్పథం, వ్యక్తిత్వం అన్న మూడు మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు కూర్చారు. పిల్లలకు ఈ సంగతి కూడా నచ్చుతుంది.

ఈ పనులన్నీ ఆమె చేశారని రాయకండి, అది నిజం కాదు. చేసినవారి పేర్లతోనే రాయండి. ఆమె పాత్ర వేరు. కొడుకును, కోడలిని, కూతురిని అటువంటి చోట్లకు వెళ్లవద్దనకుండా, ఇంటి పెద్దగా వెనుక నిలబడి, కేంద్రాన్ని వచ్చినవారందరికీ తెరిచి ఉంచడం. దళిత కవి కుమార్తె ఇంటి కోడలై, ఆ ఇంటి తరఫున ఊళ్లు తిరిగి పెద్ద పనులు చేయగలిగారంటే అత్తగారి గురించి అంతకన్నా చెప్పవలసినది ఏముంటుంది? వయసు మళ్లినవారు తమ మాటే చెల్లాలని పట్టుబట్టి పెట్టిన సంస్థలను తామే ఎండగట్టడం మనం చాలా చోట్ల చూస్తున్నాము. ఇక్కడ అలా జరగలేదు. ఆమె పోయి ఇన్నేళ్లయినా ఆ సంస్థలు నడుస్తున్నాయి.

పురస్కారాలకు ఒక్క వాక్యం చాలు. నాస్తిక కేంద్రానికి 1986లో అంతర్జాతీయ మానవవాద పురస్కారం, ఆమెకు 1999లో జమ్నాలాల్ బజాజ్ పురస్కారం, తరువాత కర్ణాటక ప్రభుత్వ బసవ పురస్కారం వచ్చాయని చెప్పి ముందుకు సాగండి. గాంధేయ మార్గంలో పనిచేసేవారికి ఇచ్చే గౌరవం ఒకటి, శివభక్తుడైన బసవన్న పేరు మీద ఇచ్చేది ఒకటి, రెండూ ఒక నాస్తికురాలికి రావడం తెనాలి సోదరి చెప్పినదానికి మరొక ఉదాహరణగా చూపవచ్చు.

పుస్తకంలో ఒక పటం వేయించండి. విజయనగరం, కాకినాడ, మచిలీపట్నం, ముదునూరు, పటమట, దివిసీమ, స్టువర్టుపురం, నిజామాబాద్, సేవాగ్రామ్ అందులో గుర్తించి, ఏ చోట ఎవరు ఏ పని చేశారో పక్కన రాస్తే, ఒక ఇంటి నుంచి ఎంత దూరం దారులు వెళ్లాయో పిల్లలు వేలితో పోల్చుకుంటూ తెలుసుకుంటారు. వ్యాసం పూర్తయిన తరువాత, ముద్రణకు ముందు, ఒక ప్రతిని నాస్తిక కేంద్రం వారికి పంపి పేర్లు, తేదీలు సరిచూపించుకోండి. పాత ఫొటోల విషయం కూడా వారినే అడగవచ్చు. మనోరమ గారి పెళ్లి భాగాన్ని మాత్రం పంపే ముందు మీ పాఠశాలలో ఒక తరగతి పిల్లల చేత బయటికి చదివించి, వారు ఎక్కడ ఆగి ప్రశ్న వేశారో గుర్తుపెట్టుకుని, ఆ చోట మరి నాలుగు వాక్యాలు చేర్చండి.